గీతశకలం – గుర్తింపు: నూజివీడు మామిడిసీమ నుంచి తెలుగు సినీగీత సాహిత్యంపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: ఒక పాటలోని రెండు మూడు మాటలు చెప్పి మొత్తం పాటను గుర్తించమనడం తెలుగు ఇళ్లలో పాత వినోదం. దీన్ని జ్ఞాపకశక్తి పరీక్షగా భావించడం పరిపాటి. శకలం నుంచి పాటను, పాట నుంచి కవిని, కవి నుంచి సంప్రదాయాన్ని గుర్తించడం మూడు వేర్వేరు పఠనక్రియలనీ, వీటిలో తప్పు సమాధానాలే సినీగీత విమర్శకు ఎక్కువ ఉపయోగపడతాయనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. నూజివీడు ప్రాంతానికి సినిమాతోనూ మామిడితోనూ ఉన్న సంబంధాన్ని ఇందుకు ఆధారంగా తీసుకుంటుంది.

కీలకపదాలు: గీతశకలం, ప్రత్యభిజ్ఞ, పల్లవి, చరణం, కర్తృత్వం, కవిసమయం.

ప్రవేశిక

తెలుగు సినీగీతానికి శీర్షిక ఉండదు. కావ్యానికి పేరుంది, ఖండకావ్యానికి పేరుంది, భావగీతానికి కూడా చాలాసార్లు కవి పేరు పెట్టాడు. సినిమా పాటకు మాత్రం పల్లవిలోని తొలి మాటలే పేరు. పాటల పుస్తకంలోని విషయసూచిక, ఆకాశవాణి గ్రంథాలయంలోని జాబితా, గ్రామఫోను రికార్డు మీది అచ్చు అన్నీ తొలి మాటలతోనే పాటను పిలిచాయి. అంటే ఈ ప్రక్రియలో భాగం పూర్ణానికి పేరు కావడం మొదటి నుంచీ ఉంది. శకలాన్ని బట్టి పాటను ఊహించే వినోదం ఈ స్వభావం నుంచే పుట్టింది.

వినోదంగా చూస్తే ఇందులో చర్చించవలసింది ఏమీ కనిపించదు. తెలిసినవారు చెబుతారు, తెలియనివారు ఓడిపోతారు. అయితే కొందరు పాటను గుర్తించి కూడా కవిని తప్పు చెబుతారు. కొన్ని శకలాలు ఏ పాటకూ చెందకుండా అన్ని పాటలకూ చెందినట్టు వినిపిస్తాయి. ఈ రెండు సందర్భాలలో వినోదం విమర్శ అవుతుంది. పాటలో కవి ముద్ర ఎక్కడ ఉంటుంది? పదంలోనా, వస్తువులోనా, వాక్యనిర్మాణంలోనా? సినీగీతం సాహిత్యమా కాదా అన్న పాత వివాదానికి ఈ ప్రశ్నకు దొరికే సమాధానమే అసలైన ఆధారం. ముద్ర లేని రచనలో కవి ఉన్నాడని వాదించడం కష్టం.

శకలపరీక్ష: అవధానం నుంచి రేడియో వరకు

ఒక ముక్క వినిపించి మూలాన్ని చెప్పమనడం తెలుగు సాహిత్యానికి కొత్త కాదు. అష్టావధానంలో పురాణపఠనం ఒక అంశం. పృచ్ఛకుడు ఏదో పురాణం నుంచో ప్రబంధం నుంచో ఒక పద్యం చదువుతాడు. అది ఏ గ్రంథంలోది, ఎవరు ఎవరితో అన్నది, ముందు వెనుకల కథ ఏమిటి అన్నది అవధాని చెప్పాలి, అందులోని విశేషాన్ని వ్యాఖ్యానించాలి. ఇక్కడ పద్యం గుర్తున్నంత మాత్రాన చాలదు. సందర్భం చెప్పలేని అవధానికి సభ పూర్తి మార్కులు వేయదు. పౌరాణిక నాటకాలు ఈ విద్యను పండితసభ దాటించి ఊళ్లలోకి తెచ్చాయి. తిరుపతి వేంకటకవుల పాండవ నాటకాలలోని పద్యాలను అక్షరం రాని ప్రేక్షకులు కూడా మొదటి మాటకే పోల్చుకున్నారు.

అంత్యాక్షరి దీనికి భిన్నమైనది. చివరి అక్షరంతో మరో పాట ఎత్తుకోవడంలో అక్షరమే ప్రధానం, అర్థం అప్రధానం. శకలాన్ని బట్టి గుర్తించే ఆట పురాణపఠనానికి దగ్గరిది. అలంకారశాస్త్రమూ దర్శనాలూ ప్రత్యభిజ్ఞ అని పిలిచే వ్యాపారం ఇందులో ఉంది. కేవలం స్మరణ అయితే గతంలో విన్నదాన్ని తలచుకుంటే చాలు. ఇప్పుడు ఎదురుగా ఉన్నది అప్పుడు తెలిసినదేనని నిశ్చయించడం ప్రత్యభిజ్ఞ. దుష్యంతునికి ఉంగరం చేసిన పని అదే. గురుతు చిన్నది, దాని వెంట వచ్చే కథ పెద్దది.

ఈ విద్యను సినిమా పాటకు నేర్పినవి రెండు. మొదటిది, సినిమాహాలు దగ్గర అణాలకు అమ్మిన పాటల పుస్తకం. సగం కథ చెప్పి తక్కినది వెండితెర మీద చూడమని ఆపేసే ఆ పలుచని పుస్తకం పాటను చదవదగిన పాఠంగా ఇంటికి తెచ్చింది. రెండవది రేడియో. 1948లో ఆకాశవాణి విజయవాడ కేంద్రం, 1957లో వివిధభారతి మొదలయ్యాయి. పాటకు ముందు చిత్రం, రచయిత, సంగీత దర్శకుడు, గాయకుల పేర్లు చెప్పే రేడియో పద్ధతి కోట్లాది శ్రోతలకు తెలియకుండానే కర్తృత్వ పాఠం చెప్పింది. ఆ పేర్లు చెప్పే అలవాటు తగ్గిన మాధ్యమాలలో పాట మిగిలింది, కవి తప్పిపోయాడు.

జానపద శకలం దేన్ని గుర్తిస్తుంది?

సినీగీతశకలం ప్రత్యేకత తెలియాలంటే దాన్ని జానపద గేయశకలంతో పోల్చాలి. ‘సువ్వి’ అన్న మాట వినగానే శ్రోతకు తెలిసేది దంపుడు పాట అని మాత్రమే. ‘గొబ్బి’ అంటే సంక్రాంతి ముగ్గు, ‘జోజో’ అంటే ఉయ్యాల. ఈ ఊతపదాలు పాటను కాదు, పాటల కుటుంబాన్ని పట్టిస్తాయి. ఎందుకంటే అక్కడ పాఠం స్థిరం కాదు. ఒకే పల్లవి కింద ఊరూరా వేరు చరణాలు చేరతాయి, ఒకే చరణం రెండు మూడు పాటల్లోకి నడుస్తుంది. బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ మొదలుకొని ఈ రంగంలో జరిగిన పరిశోధనలన్నీ పాఠాంతరాలను దోషంగా కాక జీవలక్షణంగా చూడడం నేర్పాయి.

అందువల్ల ‘ఈ ముక్క ఏ పాటలోది?’ అన్న ప్రశ్న జానపద సంప్రదాయంలో పూర్తిగా కుదరదు. ‘ఈ ముక్క ఏ పనిలోది?’ అన్న ప్రశ్నే అక్కడ సహజం. రికార్డు మీద ఎక్కి, ఒక గొంతులో, ఒక వరుసలో, ఒక పాఠంతో నిలిచిపోయిన పాటకే మొదటి ప్రశ్న చెల్లుతుంది. శకలపరీక్ష యాంత్రిక ముద్రణ యుగపు క్రీడ అనడానికి ఇదే కారణం.

ఈ రెండింటి సరిహద్దు మీద నిలిచిన కవి కొసరాజు రాఘవయ్య. ‘రోజులు మారాయి’ (1955) చిత్రానికి ఆయన రాసిన ఏరువాక పాట ఇందుకు మంచి ఉదాహరణ. ఏరువాక అన్నది ఊతపదం కాకపోయినా ఊతపదం వలె పనిచేస్తుంది. తొలకరికి కాడి కట్టే పనిని అది సూచిస్తుంది. పాట రైతును పేరు పెట్టి కాక వరుస పెట్టి పిలుస్తుంది. ఇవన్నీ జానపద లక్షణాలే. అయినా నేడు ఆ మాట వింటే శ్రోతకు పొలంకంటే ముందు ఆ చిత్రం, జిక్కి గొంతు, వహీదా రెహమాన్ నాట్యం గుర్తొస్తాయి. ఒక పనికి చెందిన మాటను ఒక పాట తన సొంతం చేసుకుంది. అదే బాణీ ఛాయ 1960లో ‘బొంబయ్ కా బాబు’ హిందీ చిత్రంలో ఎస్.డి. బర్మన్ సంగీతంలో వినిపించింది. బాణీ భాష దాటింది, ఏరువాక దాటలేదు. శకలంలో సాహిత్యం ఎంత, సంగీతం ఎంత అని విడదీయడానికి ఇంతకంటే స్పష్టమైన నిదర్శనం అరుదు.

రెండు తప్పు సమాధానాలు

శకలపరీక్షలో పాటను సరిగా చెప్పి కవిని తప్పు చెప్పే సందర్భాలలో సుప్రసిద్ధమైన జంట ఒకటుంది. ‘తోడికోడళ్లు’ (1957) చిత్రంలో, కారులో తిరిగే సంపన్న యువతిని ఉద్దేశించి ఆమె సుఖం వెనుక ఉన్న శ్రామికుల కష్టాన్ని గుర్తు చేసే పాటను చాలామంది శ్రీశ్రీది అంటారు. అది ఆత్రేయ రచన. ‘డాక్టర్ చక్రవర్తి’ (1964) చిత్రంలో, తోడు దొరకడమే జీవితభాగ్యమని చెప్పే పాటను చాలామంది ఆత్రేయది అంటారు. అది శ్రీశ్రీ రచన. సినీసాహిత్య ప్రసంగాలలో ఈ ముచ్చట తరచు వినిపిస్తుంది. ముచ్చటగా మిగిలిపోవడం వల్ల దానిలోని విమర్శాంశం పరిశీలనకు నోచుకోలేదు.

ఈ రెండు పాటలనూ పక్కపక్కన పెట్టడంలో ఒక సౌకర్యం ఉంది. రెండు చిత్రాలూ అన్నపూర్ణ సంస్థవే. రెంటికీ దర్శకుడు ఆదుర్తి సుబ్బారావు. రెండు పాటలూ ఘంటసాల గొంతులోనివే. రెంటిలోనూ కథానాయకుడు అక్కినేని నాగేశ్వరరావు. సంగీత దర్శకులు మాత్రం వేరు, మాస్టర్ వేణు ఒకరు, సాలూరి రాజేశ్వరరావు మరొకరు. కనుక గొంతు వల్లనో, తెర మీది ముఖం వల్లనో, సంస్థ వల్లనో శ్రోత పొరబడ్డాడని చెప్పే వీలు లేదు. పొరపాటుకు కారణం పాఠంలోనే వెతకాలి.

మొదటి పొరపాటుకు కారణం వస్తువు. 1950లో ‘మహాప్రస్థానం’ పుస్తకంగా వచ్చిన తరువాత శ్రమ, పీడన, సంపద అన్న మాటలు కలిసి కనిపిస్తే శ్రీశ్రీ పేరు తలపుకు రావడం తెలుగు పాఠకునికి అలవాటైంది. రెండవ పొరపాటుకు కారణం పదం. ఆత్రేయకు మనసుకవి అన్న ప్రసిద్ధి ఉంది. ‘డాక్టర్ చక్రవర్తి’ పాట పల్లవి మొదలయ్యేదే ‘మనసు’తో. ఆ ఒక్క పదం శ్రోతను ఆత్రేయ వాకిట దించింది. మొదటి పాటలో వస్తువూ, రెండవ పాటలో పదమూ కవిముద్రగా చలామణి అయ్యాయి. రెండూ నకిలీ ముద్రలే.

అసలు ముద్ర వాక్యంలో ఉంది. ‘తోడికోడళ్లు’ పాట ఒక వ్యక్తిని ఎదుట నిలబెట్టి మాట్లాడుతుంది. అడుగుతుంది, ఆగుతుంది, తానే జవాబు చెబుతుంది. ఆ ధోరణి నాటక సంభాషణది. నాటకరంగం నుంచి వచ్చిన ఆత్రేయకు అది సహజం. అందులో నిరసన ఉన్నా ఆ నిరసన ఒక మనిషితో మాట్లాడుతున్న మర్యాదను విడవదు. శ్రీశ్రీ ప్రసిద్ధ గేయాలలోని పీడన ఇలా ఒకరిని కూర్చోబెట్టి చెప్పేది కాదు, సమూహాన్ని ఉద్దేశించి నడిచేది. ‘డాక్టర్ చక్రవర్తి’ పాట పల్లవి ఎవరినీ పిలవదు. ఒకే నామాన్ని రెండు రూపాలలో పక్కపక్కన నిలిపి, అదే కొలతతో మరో నామాన్ని తెచ్చి, ఆ సమాంతర నిర్మాణాన్ని ఒక నిర్ధారణతో ముగిస్తుంది. సమానమైన మాత్రాఖండాలను ఒకదానిపై ఒకటి పేర్చి చివర బరువు దించడం ‘మహాప్రస్థానం’ చదివిన వారికి సుపరిచితమైన నడక. అక్కడ ఆ నడక ఊరేగింపును నడిపింది, ఇక్కడ దాంపత్యాన్ని నడిపింది. వస్తువు మారినా శ్వాస మారలేదు.

దీనివల్ల ఒక విమర్శసూత్రం చేయవచ్చు. గీతశకలంలో కవిని పట్టించేది ఏమి చెప్పాడన్నది కాదు, ఏ పదం వాడాడన్నది కూడా కాదు, వాక్యాన్ని ఎలా నడిపాడన్నది. పింగళి నాగేంద్రరావు విషయంలో ఇది మరో వైపు నుంచి రుజువవుతుంది. పింగళి అనగానే అందరూ తలచేది ఆయన వింత పదసృష్టిని. ‘మాయాబజార్’ (1957) లోని అసమదీయులు, తసమదీయులు అందుకు సాక్ష్యం. అయితే అవి సంభాషణల్లోని మాటలు. పాటల్లో ఆయన ముద్ర తరచు చాలా చిన్న మాట మీద ఉంటుంది. ‘మిస్సమ్మ’ (1955) లోని రెండు ప్రసిద్ధ గీతాల పల్లవులు ‘లే’ అన్న ఊనిక మీద ఆగుతాయి. నిశ్చయాన్ని చెబుతూనే దాన్ని తేలిక చేసే మాట అది. వాదాన్ని గెలవకుండా నవ్వుతో వదిలేసే పాత్రల స్వభావం ఆ ఒక్క అక్షరంలో ఉంది. వాటిలో ఒక పల్లవి 2007లో మరో చిత్రానికి పేరుగా మారినప్పుడు కూడా ఆ ‘లే’ అలాగే నిలిచింది. దాన్ని తీసేస్తే పాట సామెత అయిపోయేది.

మల్లాది రామకృష్ణశాస్త్రి కొన్ని పాటలను సముద్రాల రాఘవాచార్య పేరు వెనుక ఉండి రాశారన్న అభిప్రాయం సినీసాహిత్య చర్చలో చాలాకాలంగా ఉంది. ఆ వివాదం ఇప్పటివరకు జ్ఞాపకాల మీద, సన్నిహితుల మాటల మీద నడిచింది. పై సూత్రాన్ని ఆధారం చేసుకుని, ఇద్దరి పేర నిర్వివాదంగా ఉన్న పాటల వాక్యసరణిని ముందు నిర్ణయించి, ఆ తరువాత సందిగ్ధ గీతాలను పరిశీలించడం పరిశోధకులకు మిగిలి ఉన్న పని.

మామిడిసీమ: రెండు నిశ్శబ్దాలు

ఇక మూడవ గుర్తింపు సంప్రదాయానికి సంబంధించినది. దీనికి నూజివీడు తగిన చోటు. ఒకప్పటి కృష్ణాజిల్లాలోనిదై 2022 నుంచి ఏలూరు జిల్లాలో చేరిన ఈ ప్రాంతంలో మామిడి కేవలం పండు కాదు, సంవత్సరాన్ని కొలిచే గడియారం. పూత, పిందె, కాపు, కోత అన్న నాలుగు మాటల మీద కుటుంబాల అప్పులు, పెళ్లిళ్లు, చదువులు ఆధారపడతాయి. చిన్నరసం, పెద్దరసం, బంగినపల్లి, తోతాపురి అన్న పేర్లు ఇక్కడ రుచులతో పాటు లెక్కలు కూడా.

తెలుగు సినీగీతంలో మామిడికి లోటు లేదు. అయితే అక్కడ అది మామిడి కాదు, మావి. దాని పక్కన కోయిల తప్పదు. మావిచిగురు తిన్న కోయిల గొంతు విప్పడం కాళిదాసు ‘కుమారసంభవం’ మూడవ సర్గలోని వసంతవర్ణన నాటికే స్థిరపడిన కవిసమయం. అందువల్ల ‘మావిచిగురు’ అన్న శకలం ఇచ్చి పాట చెప్పమంటే ఎవరికి తోచిన పాట వారు చెబుతారు. ‘సువ్వి’ వలె ఇది కూడా కుటుంబనామమే. అది పనికి చెందిన ఊతపదం, ఇది కావ్యానికి చెందిన ఊతపదం, అంతే భేదం.

ఈ సాధారణపదాన్ని ఒక పాట సొంతం చేసుకోవడం ‘సీతామాలక్ష్మి’ (1978) చిత్రంలో కనిపిస్తుంది. దేవులపల్లి కృష్ణశాస్త్రి అక్కడ కవిసమయాన్ని వర్ణించలేదు, అనుమానించారు. చిగురు తిన్నందుకు కోయిల పలికిందా, కోయిల గొంతు విన్నందుకు కొమ్మ చిగిర్చిందా అన్న భావంతో కార్యకారణాలను తారుమారు చేసి, జవాబు తేల్చకుండా వదిలేశారు. శతాబ్దాలుగా వాక్యంగా ఉన్నదాన్ని ప్రశ్నగా మార్చడమే ఆ పాట ముద్ర. ఇక్కడ కూడా గుర్తింపు పదం వల్ల కాదు, వాక్యరూపం వల్లనే కలిగింది.

కానీ ఆ ప్రశ్న ఎంత అందమైనదైనా నూజివీడు రైతు అడిగే ప్రశ్న కాదు. ఆయన చిగురును చూసి సంతోషించడు. పూత రావలసిన కాలంలో కొమ్మ చిగిరిస్తే ఆ ఏటి కాపు తగ్గినట్టే. కావ్యంలో శుభసూచకమైనది తోటలో నష్టసూచకం. పొగమంచు, తేనెమంచు పురుగు, ఈదురుగాలికి రాలిన పిందె, గెడకు కట్టిన చిక్కం, గడ్డిలో మాగేసిన కాయ – ఈ పదజాలం ప్రసిద్ధ గీతాలలో దాదాపు వినిపించదు. వరిపొలానికి కొసరాజు దొరికాడు, ఏరువాక పాటలోకి వచ్చింది. మామిడితోటకు అటువంటి కవి దొరకలేదు. శకలపరీక్షలో ఎంత నేర్పు ఉన్నవారైనా పాటలో లేని మాటను గుర్తించలేరు. ఒక ప్రాంతపు శ్రమ ప్రజాస్మృతిలో చేరిందా లేదా అన్నది ఈ ఆట చెప్పకుండా చెప్పే సంగతి.

రెండవ నిశ్శబ్దం చరిత్రకు సంబంధించినది. తెలుగు సినిమా తొలి దశలో ఈ సీమ పాత్ర చిన్నది కాదు. నూజివీడు జమీందారీ కుటుంబాలకు చెందిన మీర్జాపురం రాజా మద్రాసులో శోభనాచల సంస్థను నడిపారు. ఆ పేరు ఆగిరిపల్లిలోని శోభనాచలాన్ని తలపిస్తుంది. ఆయన నిర్మించి దర్శకత్వం వహించిన ‘కీలుగుఱ్ఱం’ (1949), ఆయన భార్య సి. కృష్ణవేణి నిర్మించిన ‘మనదేశం’ (1949) ఒకే సంవత్సరంలో వచ్చాయి. ఎన్.టి. రామారావు తొలిసారి తెర మీద కనిపించింది ‘మనదేశం’లోనే. రెండింటికీ సంగీతం కృష్ణాజిల్లాకే చెందిన ఘంటసాల. పాటలు మొదటిదానికి తాపీ ధర్మారావు, రెండవదానికి సముద్రాల రాశారు.

‘కీలుగుఱ్ఱం’లో ఘంటసాల, వక్కలంక సరళ పాడిన యుగళగీతాన్ని పాతపాటల అభిమానులు నేటికీ ఒక్క మాటకే పోల్చుకుంటారు. అయితే ఆ గుర్తింపు ఘంటసాల దగ్గర ఆగిపోతుంది. తాపీ ధర్మారావు వరకు వెళ్లేవారు తక్కువ. వ్యావహారిక భాష కోసం పత్రికల్లో పోరాడిన పండితుడు జానపద కథాచిత్రానికి ఎటువంటి పలుకుబడి ఎంచుకున్నాడన్నది సాహిత్య చరిత్రకు ముఖ్యమైన ప్రశ్న. గొంతు గుర్తింపు పాఠపు గుర్తింపును మింగేసినందువల్ల ఆ ప్రశ్న ఎవరికీ తోచలేదు. ఇక ఆ చిత్రాల వెనుక ఉన్న మామిడిసీమ పేరు శకలపరీక్షలో ఏ దశలోనూ రాదు. జనస్మృతి పాటను దాచుకుంది, గొంతును దాచుకుంది, కవిని సగం దాచుకుంది, నేలను దాచుకోలేదు.

ముగింపు

శకలాన్ని బట్టి పాటను గుర్తించడం మూడు మెట్ల పఠనం. మొదటి మెట్టులో పల్లవి, బాణీ, గొంతు కలిసి పనిచేస్తాయి. ఇక్కడ సాహిత్యానికి వేరే పరీక్ష లేదు. రెండవ మెట్టులో కవిని గుర్తించవలసి వచ్చినప్పుడు పదమూ వస్తువూ మోసం చేస్తాయి, వాక్యం మాత్రమే నిజం చెబుతుంది. శ్రీశ్రీ, ఆత్రేయల విషయంలో జరిగిన పొరపాటు దీనికి రుజువు. మూడవ మెట్టులో శకలం ఒక పాటకా, ఒక సంప్రదాయానికా చెందినదన్న వివేకం అవసరం. మావిచిగురు దీనికి ఉదాహరణ.

ఈ అవగాహనను తరగతి గదిలోకి తేవడం కష్టం కాదు. పల్లవి కాక చరణం నుంచి శకలాన్ని ఎంచుకోవాలి. పాత్రల పేర్లు, అరుదైన పదాలు లేని పంక్తిని, బాణీ లేకుండా, చదివి వినిపించాలి. పాట పేరు కాక కవి పేరు అడగాలి, కారణం చెప్పమనాలి. వచ్చిన తప్పు సమాధానాలను కొట్టివేయకుండా నమోదు చేయాలి. ఏ కవిని ఏ కవిగా పొరబడుతున్నారన్నది పోగుచేస్తే, కవుల సొంత ముద్రలతో పాటు పాఠకుల ముందస్తు అభిప్రాయాల పటం కూడా తయారవుతుంది. పురాణపఠనంలో అవధానిని సభ అడిగినట్టే, విద్యార్థిని కూడా గ్రంథం పేరుతో విడిచిపెట్టకుండా ముందు వెనుకలు అడగాలి. ఎవరు రాశారు, ఎవరితో అన్నారు, ఏ నేల మీద నిలబడి అన్నారు అన్నవి ఆ ముందు వెనుకలు. మూడవ ప్రశ్నకు సమాధానం వెతికే పరిశోధన నూజివీడు వంటి చోట్ల ఇంకా మొదలు కావలసి ఉంది.